ఏడు సముద్రాల అవతలి చిలుక

ప్రాణం దాచుకున్న చిలుక... పాము కాపలా కాసే నిధి... కోరికలు తీర్చి కొంప ముంచే కోతిచెయ్యి... చవకలో తీసిన భయాల సినిమాకి ఇలాంటి వస్తువు ఒక్కటుంటే చాలు, కథ నడిచిపోతుంది. నెల్లూరు తీరం వెంట కావలి నుంచి సూళ్లూరుపేట దాకా వెళ్తే ఆ వస్తువుల కథలూ, వాటిని ఆడించిన మనుషుల కథలూ, చూసి జడుసుకున్న జనం కథలూ దారి పొడవునా పలకరిస్తాయి.

రాత్రి తొమ్మిదయింది. డేరాలో ఇసుక మీద ఊరంతా కూర్చుని ఉంది. ముందు వరసలో పిలకాయలు. ఎదుటివాడి తల అడ్డం రాకుండా ఎవరికి వాళ్లు ఇసుకను కుప్పగా పోసుకుని గద్దెలు కట్టుకున్నారు. మధ్యలో తడిక. అటు ఆడవాళ్లు, ఇటు మగవాళ్లు. తెరమీద రాకుమారుడు చెట్టెక్కాడు. కొమ్మల్లో పంజరం, పంజరంలో చిలుక. ఆ చిలుకలోనే ఉంది మాయల ఫకీరు ప్రాణం. అక్కడ కోటలో ఫకీరుకి గుండెదడ మొదలైంది. ఇక్కడ రాకుమారుడి చెయ్యి చిలుక మెడ మీద పడింది...

‘‘పట్టుకో అబ్బయా, వదలబాక!’’ ఆడవాళ్ల వైపు నుంచి ఓ అవ్వ కేక.

అంతలోనే తెర తెల్లబడిపోయింది. రీలైపోయింది!

ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. ఆపరేటరు రీలు మార్చేదాకా చిలుక మెడ రాకుమారుడి చేతిలోనే, ఫకీరు ప్రాణం గాల్లోనే. ఆ కాసేపూ డేరాలో మాటల్లేవు. తాటితోపు అవతల నుంచి సముద్రం హోరు మాత్రం వినిపిస్తోంది. ఏడు సముద్రాల అవతల అంటే ఎంత దూరమో ఆ పిలకాయలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి సముద్రం వాళ్ల పెరటి వెనకే ఉంది మరి!

టూరింగ్ టాకీసులు ఊరూరా డేరాలు వేసిన రోజుల్లో తీరం పల్లెల్లో సినిమా అంటే ఇలాగే ఉండేది. పొద్దున్నే ఎడ్లబండి మీద రంగుల పోస్టరు, మైకులో ‘నేడే చూడండి’ అన్న కేక, సాయంత్రానికి గుడారం మీది గొట్టంలోంచి ఘంటసాల భక్తిగీతం. పాట వినబడిందంటే అన్నం గబగబా తినేసి పరుగే. నేల, బెంచీ, కుర్చీ... మూడు తరగతులు. ఎక్కువమందిది నేల టిక్కెట్టే. పట్నాల్లో ఆడి ఆడి అరిగిపోయిన ప్రింటు కాబట్టి తెరమీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే గీతలు. అయినా ఎవరికీ ఫిర్యాదు లేదు. దెయ్యాల సినిమాకి వాన కలిసొచ్చేదే కదా!

సినిమా వాళ్ల లెక్కల్లో నెల్లూరుది ప్రత్యేక స్థానం. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు అంటూ పంపిణీదారులు రాష్ట్రాన్ని పంచుకున్నప్పుడు నెల్లూరు దేంట్లోనూ కలవలేదు. తనకు తానే ఒక ఏరియాగా నిలిచింది. పైగా మద్రాసుకి కూతవేటు దూరం. తెలుగు సినిమా మద్రాసులో పుట్టి పెరుగుతున్న కాలంలో నెల్లూరు కుర్రాళ్లకు రైలెక్కడమే ఆలస్యం. అలా రైలెక్కిన వాళ్లలో ఒకరు, తెరమీద కనబడితే చాలు పిలకాయల్ని అమ్మ కొంగు చాటుకి పంపించేశారు.

కావలి నుంచి వచ్చిన మాయలమారి

ప్రయాణం కావలి నుంచి మొదలుపెట్టాలి. నెల్లూరుకి ఉత్తరాన, జాతీయ రహదారి మీద ఉండే ఊరు. ఇక్కణ్నుంచి తూర్పుకి తిరిగితే తుమ్మలపెంట తీరం. సరుగుడు తోటలు, బోట్లు, ఆరేసిన వలలు. నిధికి కావలి ఉండాలని కథలు చెబుతాయి. ఆ కథల్లో నాయకుడికి అడుగడుగునా అడ్డం పడే దుర్మార్గుడు నిజంగానే ‘కావలి’ మనిషి కావడం తమాషా. ఆయనే రాజనాల కాళేశ్వరరావు. జనానికి ఉత్త రాజనాల.

1925లో కావలిలో పుట్టిన రాజనాల రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసేవారు. 1953లో హెచ్.ఎం.రెడ్డి ‘ప్రతిజ్ఞ’తో తెరమీదికొచ్చారు. అక్కణ్నుంచి ఇక వెనుదిరిగి చూసుకోలేదు. సింహాసనం మీద కన్నేసిన సేనాపతి, రాకుమారిని చెరపట్టే దుర్మార్గుడు, కుట్రలు పన్నే రాజబంధువు... ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’(1962)లో వక్రకేతుడాయనే. ‘బందిపోటు’(1963), ‘అగ్గిపిడుగు’(1964)ల్లో కత్తి పట్టిందీ ఆయనే. పెదవి వంచి నవ్వితే చాలు, నేల తరగతి నుంచి తిట్లు వినబడేవి. 1998లో ఆయన కన్నుమూసేనాటికి ఆ తరం జానపదాలూ పోయాయి, ఆ డేరాలూ పోయాయి.

జానపదాల్లో దుర్మార్గుడికి బలం ఎక్కణ్నుంచి వస్తుంది? చాలాసార్లు ఒక వస్తువులోంచే. మంత్రదండం, ఉంగరం, విగ్రహం, చిలుక... అది చేతిలో ఉన్నంతసేపే వాడి ఆటలు. ఈ సూత్రం సినిమా కంటే చాలా పాతది. పల్లెల్లో బుర్రకథగా చెప్పుకున్న బాలనాగమ్మ కథే అందుకు సాక్ష్యం. జంగమదేవర వేషంలో భిక్షకొచ్చి, ఇల్లాలిని కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాయలోడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతలి చిలుకలో ఉంటుంది. కొడుకు పెరిగి పెద్దవాడై దాని ఆనుపానులు కనిపెట్టేదాకా తల్లికి చెర తప్పదు. 1942లో జెమినీ సంస్థ, 1959లో మరో సంస్థ ఈ కథను తెరకెక్కించాయి. రెండుసార్లూ జనం చిలుక కోసం కూర్చున్నారు.

ఇందులో ఓ చిన్న మెలిక ఉంది. ప్రాణాన్ని దాచుకున్నాక ఫకీరుకి చావు భయం పోవాలి. కానీ అప్పట్నుంచే మొదలైంది అసలు భయం. ఎవరెక్కడ చిలుకను పట్టుకుంటారోనని! వస్తువు వాడికి బలం ఇచ్చినట్టే ఇచ్చి, వాణ్ని తన కాపలావాడిగా మార్చేసింది.

డేరా తెలిసిన దర్శకుడు

ఈ వస్తువుల భయాన్ని అతి తక్కువ ఖర్చుతో, అతి ఎక్కువమందికి పంచిన మనిషి బి.విఠలాచార్య. జనం ఆయన్ని ‘జానపద బ్రహ్మ’ అన్నారు. పుట్టింది 1920లో, ఉడుపి దగ్గరి ఉద్యావరలో. చిన్నప్పుడే ఇల్లు వదిలి అరసికెరె చేరి, హోటల్ నడిపి, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి, బయటికొచ్చాక మిత్రులతో కలిసి పెట్టిన వ్యాపారం ఏంటో తెలుసా? టూరింగ్ టాకీస్! హాసన్ జిల్లా పల్లెల్లో డేరా వేసి సినిమాలు ఆడించారు. సినిమాలు తీయడం ఆ తర్వాతి మాట. మైసూరులో కన్నడ చిత్రాలు తీసి, మద్రాసు చేరి తెలుగువాళ్ల దర్శకుడయ్యారు.

ఆయన సినిమాల గుట్టంతా అక్కడే ఉంది. నేల టిక్కెట్టు జనం ఎక్కడ ఆవులిస్తారో, ఎక్కడ ఊపిరి బిగబడతారో ఆయన పుస్తకాల్లో చదవలేదు. టిక్కెట్లు అమ్మి, డేరా పక్కన నిలబడి చూశారు. అందుకే ఆయన చిత్రాల్లో కాసేపు మాటలు నడిస్తే వెంటనే ఓ మాయ. మనిషి గొర్రె అవుతాడు, గొర్రె రాయి అవుతుంది, రాయి రాకుమారి అవుతుంది. కాల్షీట్లు ఇవ్వకుండా ఇబ్బంది పెట్టిన నటుడి పాత్రను చిలుకగానో మేకగానో మార్చేసి, షూటింగు ఆగకుండా కానిచ్చేసేవారని సినిమా వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ ఆ ముచ్చట ఆయన పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. డబ్బు తక్కువైతే మాయ పెంచాలి!

ఆ మాయలకు ఖరీదైన యంత్రాలేమీ లేవు. నటుడు కదలకుండా నిలబడితే కెమెరా ఆపుతారు. అతడి చోట చిలుకను పెట్టి మళ్లీ తిప్పుతారు. తెరమీద మనిషి చిలుకైపోతాడు. ఒకే ఫిల్మును వెనక్కి చుట్టి రెండోసారి చిత్రీకరిస్తే గోడలోంచి ఆడమనిషి నడిచొస్తుంది. నల్లటి తెర ముందు తీగలతో ఆడిస్తే అస్థిపంజరం గంతులేస్తుంది. ఫిల్మును వెనక నుంచి ముందుకు నడిపిస్తే తెగిన తల మెడ మీదికి ఎగిరొచ్చి అతుక్కుంటుంది. సినిమా పుట్టిన కొత్తల్లో, 1896లోనే ఫ్రాన్సులో జార్జి మెలియెస్ ఇలాంటి కిటుకులతోనే దెయ్యాల కోట చూపించాడు. ఆ విద్య సముద్రాలు దాటొచ్చి తెలుగు డేరాలో స్థిరపడింది.

1978లో వచ్చిన ‘జగన్మోహిని’ వీటన్నిటికీ పరాకాష్ఠ. నరసింహరాజు, ప్రభ, మోహినిగా జయమాలిని. పెద్ద తారలెవరూ లేరు. అయినా జనం విరగబడి చూశారు. అందులో వంటింటి సన్నివేశం ఒక్కటి చాలు. ఇల్లాలి రూపంలో ఉన్న దెయ్యానికి పొయ్యిలో కట్టెలు కనబడవు. తన కాళ్లే పొయ్యిలో పెట్టి మంట చేసుకుని తాపీగా వంట కానిచ్చేస్తుంది! చూసిన పిలకాయలు చాన్నాళ్లపాటు రాత్రిళ్లు ఒంటరిగా వంటింట్లోకి వెళ్లలేదు. నిజానికి ఆ సన్నివేశంలో కోటల్లేవు, గుహల్లేవు. ఉన్నది అందరిళ్లలో ఉండే మట్టిపొయ్యే. భయం పుట్టించడానికి విఠలాచార్య ఎంచుకున్న వస్తువులు చూసేవాళ్ల ఇళ్లలోనివే. డబ్బు లేకపోవడమే ఆయనకు వరమైందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నాగలికి తగిలిన కుండ

కావలి నుంచి నెల్లూరు దాదాపు గంట ప్రయాణం. పెన్నానది ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం, చుట్టూ వరిచేలు. సినిమాల్లో శాపం తగిలిన వస్తువుల్లో మొదటి వరస నిధిదే. పాడుబడ్డ గుడి కింద లంకెబిందెలుంటాయి, పాము కాపలా కాస్తుంది, తవ్వినవాడు రక్తం కక్కుకుని చస్తాడు. సరిగ్గా ఇలాంటి కథ, పాము ఒక్కటి తప్ప, నెల్లూరు దగ్గర నిజంగానే జరిగింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఓ రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు. వాటి కింద చిన్న కుండ. కుండ నిండా బంగారు నాణేలు! వాటి మీది బొమ్మలు ఇక్కడి రాజులవి కావు. ట్రాజన్, హేడ్రియన్ వంటి రోమన్ చక్రవర్తులవి, ఫాస్టినా మహారాణివి. అంటే దాదాపు పదహారు వందల ఏళ్లు మట్టిలో ఉన్న, నిజంగానే ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన బంగారం. మద్రాసులో కంపెనీ ఉన్నతాధికారి అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖలో ఈ సంగతంతా ఉంది. కొన్ని నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తున్నాయనీ, కొన్నిటికి మాత్రం చిల్లులున్నాయనీ రాశాడు. ఎప్పుడో ఎవరి మెడలోనో నగలుగా వేలాడిన గుర్తులన్నమాట.

ఆ రైతుకి శాపమేమీ తగల్లేదు. పాత బంగారం కింద నాణేల్ని అమ్మేశాడు. చాలావరకు కంసాలి కుంపట్లో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ఆరా తీయించి, ముప్ఫై పైచిలుకు మాత్రం వెనక్కి రప్పించగలిగాడు. సినిమాలో అయితే పాము బుసకొట్టి నాణేల్ని కాపాడేది. ఇక్కడ ఆ కాపలా లేదు. రోమ్ నుంచి తూర్పుతీరానికి నడిచిన వ్యాపారాన్ని చెప్పగల సాక్ష్యాల్లో ఎన్నో ఏ ఇంటి గాజుల్లోనో కలిసిపోయాయి. పాత గుడుల్ని తవ్వొద్దు, కీడు అని పెద్దవాళ్లు పిలకాయల్ని బెదిరించడం మూఢనమ్మకమే కావచ్చు. కానీ ఆ బెదిరింపు పనిచేసిన చోట కుండలు భద్రంగా ఉన్నాయి.

మైపాడు ఒడ్డున

నెల్లూరు నుంచి తూర్పుగా పాతిక కిలోమీటర్లు వెళ్తే మైపాడు. దారిలో ఇందుకూరుపేట ప్రాంతం... కొబ్బరిచెట్లు, రొయ్యల గుంటలు, మధ్యలో బకింగ్‌హామ్ కాలువ. ఈ దారిలోని జగదేవిపేట కూడా తెలుగు తెరకు ఓ మాయగాణ్నిచ్చింది. ఈయన్ని చూస్తే మాత్రం భయపడరు, పడీపడీ నవ్వుతారు. ఆయనే రమణారెడ్డి. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసి, సినిమాల్లోకెళ్లి, ‘మాయాబజార్’(1957)లో చినమయ్యగా తెలుగువాళ్ల ఇళ్లలో మనిషైపోయారు. ఆ సినిమా నిండా మాయవస్తువులే కదా! ఎవరికి ఏది ఇష్టమో అది చూపించే ప్రియదర్శిని పేటిక, ఎక్కినవాళ్ల నోట నిజం చెప్పించే సత్యపీఠం. శకుని దాని మీద నిలబడ్డాడు. అంతే, కడుపులో ఉన్నదంతా బయటపెట్టేశాడు. అందులో పీఠం తప్పేముంది? శకుని మనసులో కుట్ర లేకపోతే అదీ మామూలు పీటే.

మైపాడులో సాయంత్రం సందడిగా ఉంటుంది. నెల్లూరు నుంచి కుటుంబాలు సెలవు రోజున ఇక్కడికొస్తాయి. పిల్లలు అలల్లో తడుస్తుంటారు. మామిడికాయ వేసి వండిన చేపలపులుసు ఘుమఘుమలాడుతుంటుంది. కానీ ఒడ్డునే పుట్టి పెరిగినవాళ్లు సముద్రాన్ని ఇలా చూడరు. వాళ్లకు అది అన్నం పెట్టే తల్లీ, ఎప్పుడు కన్నెర్రజేస్తుందో తెలియని దేవతా. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచేసి వేలమందిని పొట్టనపెట్టుకుంది. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట ప్రాంతంలోనే తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు తీరాన్నీ తాకింది. ఆకాశం నల్లబడితే, వేటకెళ్లిన పడవ చెప్పిన వేళకు తిరిగి రాకపోతే ఈ ఇళ్లలో పుట్టే భయానికి నేపథ్య సంగీతం ఉండదు. అది ఎప్పుడు ముగుస్తుందో కూడా ఎవరూ చెప్పలేరు.

మరి ఇంత నిజమైన భయం పక్కనే పెట్టుకుని, డబ్బులిచ్చి మరీ డేరాలో భయపడటం దేనికి? ‘జగన్మోహిని’ వచ్చింది దివిసీమ ఉప్పెన మరుసటి ఏడాదే. కోస్తా పల్లెలన్నీ ఆ వార్తలతో గడగడలాడిన కాలంలోనే జనం ఆ దెయ్యాన్ని చూడ్డానికి ఎగబడ్డారు. కారణం ఊహించడం కష్టమేం కాదు. తెరమీది దెయ్యానికి ఒక లెక్క ఉంది. దాని ప్రాణం ఫలానా చోట ఉంటుంది. దాన్ని పట్టుకుంటే చస్తుంది. చివర్లో అమ్మవారు ప్రత్యక్షమవుతుంది. ‘శుభం’ అని అక్షరాలు పడతాయి. భయానికి ఓ పిడి ఉందనీ, దాన్ని చేత్తో పట్టుకోవచ్చనీ ఆ రెండున్నర గంటలూ నమ్మొచ్చు. సముద్రం ఇవ్వని భరోసా అది.

కోతిచెయ్యి ఎక్కడిది?

మైపాడు నుంచి దక్షిణానికి వస్తే కృష్ణపట్నం. 2008 నుంచి ఇక్కడ పెద్ద పెద్ద ఓడలు ఆగుతున్నాయి. ఇంకా కిందికి వెళ్తే వాకాడు మండలంలో దుగరాజపట్నం. ఇప్పుడు చూస్తే ప్రశాంతమైన తీర గ్రామం. కానీ మద్రాసు నగరం పుట్టకముందే ఇంగ్లిషువాళ్లు ఇక్కడ దిగారు. 1626లో ఈస్టిండియా కంపెనీ వ్యాపార కేంద్రం తెరిచింది. వాళ్లకు అనుమతి ఇప్పించడంలో సాయపడిన ఆరుముగం ముదలియారు పేరును నోరు తిరక్క ‘అర్మగాన్’ అని పలికి, ఆ స్థావరానికి అదే పేరు పెట్టుకున్నారు. ఇక్కడి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో ఇసుకతిన్నె సంపాదించాడు. అదే మద్రాసు!

ఇలా మొదలైన రాకపోకల్లో ఇక్కణ్నుంచి అద్దకం బట్టలు వెళ్లాయి, ఆ తర్వాతి కాలంలో కథలూ వెళ్లాయి. 1902లో డబ్ల్యూ.డబ్ల్యూ.జేకబ్స్ అనే ఇంగ్లిషు రచయిత ‘మంకీస్ పా’ అనే చిన్న కథ రాశాడు. ఓ వాన రాత్రి. మధ్యతరగతి కుటుంబం చలిమంట ముందు కూర్చుని ఉంటుంది. ఇండియాలో పనిచేసి వచ్చిన సైనికుడు తన దగ్గరున్న ఎండిన కోతిచెయ్యిని చూపిస్తాడు. దాన్ని ఓ ఫకీరు మంత్రించాడట. ముగ్గురికి మూడేసి కోరికలు తీరుస్తుందట. వద్దన్నా వినకుండా ఇంటాయన దాన్ని తీసుకుని రెండొందల పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు డబ్బొస్తుంది... ఫ్యాక్టరీ యంత్రంలో పడి చనిపోయిన కొడుకు తాలూకు పరిహారంగా! తల్లి ఏడ్చి ఏడ్చి కొడుకు తిరిగి రావాలని రెండో కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆమె గడియ తీసేలోపే తండ్రి మూడో కోరిక కోరేస్తాడు. తలుపు తీస్తే బయట ఎవరూ ఉండరు.

శాపం తగిలిన వస్తువు కథలన్నిటికీ ఇది పెద్దన్నలాంటిది. నాటకమైంది. 1933లో హాలీవుడ్‌లో, 1948లో బ్రిటన్‌లో సినిమాగా వచ్చింది. బ్రిటన్‌లో తీసింది గంటకు కాస్త ఎక్కువ నిడివి ఉన్న చవక చిత్రమే. భయపెట్టడానికి వాళ్లకూ కోటలు అక్కర్లేకపోయింది. చిన్న ఇల్లు, ఎండిన చెయ్యి, తలుపు చప్పుడు... అంతే.

ఇక్కడే ఓ వింత కనబడుతుంది. ఇంగ్లిషువాడి కథలో శాపం ఇండియా ఫకీరు దగ్గర్నుంచి వస్తుంది. మన కథలో ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉంటుంది. వాళ్లు మనవైపు చూపిస్తే, మనం అటువైపు చూపిస్తాం! దుగరాజపట్నం ఒడ్డున నిలబడి చూస్తే రెండు వేళ్లూ ఒకదానికొకటి ఎదురుగా కనబడతాయి. భయాన్ని ఎవరూ తమ ఇంటిదని ఒప్పుకోరు. అవతలి ఒడ్డు నుంచి వచ్చిందంటేనే నిద్ర పడుతుంది.

కానీ రెండు కథలూ లోపల చెప్పేది ఒకటే. కోతిచెయ్యి ఎవర్నీ చంపలేదు. కష్టపడకుండా రెండొందల పౌండ్లు కావాలన్న ఆశే తలుపు తెరిచింది. చిలుక ఎవరికీ కీడు చేయలేదు. చావే ఉండకూడదన్న ఫకీరు పేరాశే దాన్ని పంజరంలో పెట్టింది. వస్తువు అమాయకమైనది. దాన్ని పట్టుకున్న చేతిలోనే ఉంది శాపమంతా.

వంద అడుగుల తెర

చివరి మజిలీ సూళ్లూరుపేట. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోని ఈ పట్టణం 2022లో జరిగిన పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కణ్నుంచి తూర్పుగా వెళ్తే పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు. చలికాలమైతే రెండువైపులా ఫ్లెమింగోలు. ఆ రోడ్డు చివరే శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్-3 చంద్రుడి దారి పట్టింది అక్కణ్నుంచే.

ఊళ్లో కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఈ గుడికి రాత్రి పగలు ఎప్పుడూ తలుపులు మూయరు. ఒకప్పుడు దొంగల భయంతో తలుపులు చేయిస్తే అమ్మవారు కలలో కనబడి వద్దందనీ, గుడి వెనక పడేసిన ఆ చెక్కలు చిగురించి చెట్టయ్యాయనీ చెబుతారు. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో అధ్యక్షులు ఈ గుడికి వచ్చి దండం పెట్టుకోవడం ఆనవాయితీ. చంద్రయాన్-3కి ముందు సోమనాథ్ కూడా వచ్చారు. లెక్కలన్నీ సరిచూసుకున్నాక కూడా మనిషికి కాస్త బెంగ మిగులుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా.

ఆ ఊరికే 2019 ఆగస్టులో మరో ఆకర్షణ వచ్చింది. జాతీయ రహదారి పక్కనే వి ఎపిక్ థియేటరు. తెర వెడల్పు వంద అడుగులకు పైమాటే. ‘సాహో’తో మొదలైనప్పుడు ప్రపంచంలోనే పెద్ద తెరల్లో ఒకటని దేశమంతా చెప్పుకుంది. చెన్నై నుంచి కూడా కార్లు కట్టుకుని వచ్చి చూసి వెళ్తున్నారు. లోపల చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. తల అడ్డం వస్తుందన్న బాధ లేదు, ఇసుక గద్దెలు కట్టుకునే పనీ లేదు. రీలు మార్చడమన్న మాటే లేదు. దెయ్యం సినిమా వేస్తే నాలుగు వైపుల నుంచీ చప్పుళ్లు చుట్టుముడతాయి. గ్రాఫిక్స్‌లో ఏదైనా సాధ్యమే. పొయ్యిలో కాళ్లు పెట్టడం ఇప్పటి పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది కూడా.

అయితే ఒకటి మాత్రం మారలేదు. పెట్టె మూత మెల్లగా తెరుచుకుంటుంటే, తెరమీది అమ్మాయి ముట్టుకోవద్దన్న దాన్నే ముట్టుకుంటుంటే, హాల్లో పక్కవాళ్ల చెయ్యి గట్టిగా పట్టుకోనివాళ్లు తక్కువ. వస్తువు మీద నుంచి మన చేతిని మనిషి చేతి మీదికి మార్చడం... ఆ సినిమాలన్నీ చేయించిన పని బహుశా ఇదే.

డేరాలో ఆ రాత్రి రీలు మారింది. దీపం ఆరింది. తెరమీద మళ్లీ వాన గీతలు, చెట్టు, చిలుక. ఈసారి రాకుమారుడు ఆలస్యం చేయలేదు. కోటలో ఫకీరు గిలగిలా కొట్టుకుని కూలిపోయాడు. బాలనాగమ్మ చెర వీడింది. పిలకాయలు ఈలలేశారు. ‘శుభం’ పడింది. అవ్వ నిద్రపోతున్న మనవణ్ని భుజాన వేసుకుని, చీరకంటిన ఇసుక దులుపుకుని ఇంటిదారి పట్టింది. దారిలో చీకట్లో సముద్రం హోరెత్తుతూనే ఉంది. తెల్లవారుజామునే ఆ ఇంట్లోంచి పడవ వేటకెళ్లాలి.